పలకరాతి గోడ, పూల దుప్పటి

పిల్లలూ! మీ తాతగారు అక్షరాలు దిద్దిన పలక ఏ ఊరిదో అడిగారా? బహుశా మన మార్కాపురానిదే అయి ఉంటుంది. ఇప్పుడు ఆ రాయి బడులకన్న ఇళ్ళకే ఎక్కువగా పోతున్నది. గోడలకు అతుకుతున్నారు, నేలకు పరుస్తున్నారు.

నూరు కోట్ల సంవత్సరాలకు పూర్వమే నీటి అడుగున పేరుకున్న బురద ఈ రాయి అయింది. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ అందులోని అభ్రకం వంటి సన్నని రేకులన్నీ ఒకే వాటున పడుకున్నాయి. అందుచేతనే ఉలి పెట్టి కొడితే రాయి పొరలు పొరలుగా విడిపోతుంది. అలా విడిన ముఖం గరుకుగా ఉంటుంది. సానపడితే నునుపవుతుంది.

గరుకుదనం కంటికెలా తెలుస్తుంది? నీడవల్ల! చీకటి గదిలో గరుకు రాతికి సూటిగా టార్చిలైటు వెయ్యండి. రాయి చదునుగా కనబడుతుంది. లైటును పక్కకు తెచ్చి, వెలుతురు రాతి వెంబడే పాకేటట్టు పట్టుకోండి. ప్రతి మిట్టా ఒక నీడ పరుస్తుంది. అంటే గరుకు గోడమీద కూడా ఒక చిత్రం ఉన్నట్టే.

అటువంటి గోడ ముందు పెద్ద పూల పరదా కడితే నీడలూ పూలూ పోట్లాడుకుంటాయి. ఏది చూడాలో తెలియక కన్ను అలసిపోతుంది. గనక అక్కడ ఒకే రంగు నేతగుడ్డ కట్టండి. పూల దుప్పటిని నున్నగా సున్నం వేసిన గోడ పక్కన పరవండి. రెండు గుడ్డలూ పూలవే అయితే, ఒకదానిమీద పెద్ద పూలు, రెండో దానిమీద చిన్న పూలు ఉండాలి. రెంటిలోనూ ఒక రంగు కలవాలి. ఇది మన అమ్మమ్మలకు తెలిసిన సంగతే. అలికిన నేల సాదాగా ఉంటుంది గనకనే ముగ్గు నిండుగా కనబడుతుంది.

రాయి కొనేముందు పెద్దలతో మరొక మాట చెప్పండి. ఒకప్పుడు పలకల పనిలో మీ ఈడు పిల్లలు కూడా ఉండేవారు. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం కింద పిల్లలను పని మాన్పించి చదివించేందుకు ఎంచుకున్న చోట్లలో మార్కాపురం ఒకటి. పలక చేసిన చేతులకే పలక అందని రోజులవి! రాయి కోసేటప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. నీళ్ళు పోస్తూ కోస్తే చాలావరకు అణుగుతుంది. మీ ఇంట్లో రాతిపని జరిగిననాడు, మేస్త్రీగారికి ముందుగా ఒక బకెట్టు నీళ్ళు తెచ్చిపెట్టండి. తడిపి కొయ్యమని నాన్నగారిచేత చెప్పించండి.