గ్రావెల్ దారి సగం రోడ్డు కాదు

ఆదివారం తెల్లవారేసరికి తాటిపూడి జలాశయం వైపు దారుల్లో విశాఖపట్నం సైకిళ్లు కనిపిస్తున్నాయి. నెత్తిన హెల్మెట్, వంకర హ్యాండిలు, లావుపాటి టైర్లు. మొదట్లో మన పిల్లలు వాటి వెంటపడి పరుగెత్తేవారు, ఇప్పుడు అలవాటు పడ్డారు. పెద్దలకు మాత్రం ఇంకా వింతే. వచ్చినవాళ్లు తారు రోడ్డు వదిలేసి, జీడితోటల నడుమ ఎర్ర గ్రావెల్ దారిలోకి మళ్లుతున్నారు. "బస్తీలో నున్నని రోడ్లుండగా ఈ రాళ్లలోకి ఎందుకొచ్చారు బాబూ?" అని చోడి అంబలి అమ్మే ముసలమ్మ అడిగితే, "ఈ రాళ్ల కోసమే వచ్చాం మామ్మా" అన్నాడొక కుర్రాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ మాటను మనం మాత్రం నవ్వి వదిలెయ్యకూడదు.

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి దగ్గర జలాశయంలో నిలిచి, జామిని ఆనుకుని పారి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నది పొడవునా ఇటువంటి దారులు ఎన్నో ఉన్నాయి. కాలువ గట్లు, తోటల బాటలు, కొండవారన కట్టెలకు పోయే దారులు. వీటిలో చాలా వాటికి ఉపాధి హామీ పనుల్లో గ్రావెల్ పడింది. ఆ తరువాత చూసిన నాథుడు లేడు. గ్రావెల్ వేశారంటే రేపో మాపో తారు వస్తుందని మన ఆశ. తారు వచ్చేదాకా దీన్ని పట్టించుకోనక్కరలేదని సిబ్బంది ధీమా. ఈ రెండింటి మధ్య దారి గెడ్డల పాలవుతున్నది.

బస్తీవారు పాతికవేలకు, యాభైవేలకు, అంతకు మించి కూడా పెట్టి కొంటున్న ఈ గ్రావెల్ సైకిలు మనకు కొత్తది కాదు. దాని టైరు వెడల్పు 35 నుంచి 50 మిల్లీమీటర్లు. మన పాలవాడు రెండు క్యాన్లు కట్టుకుని తొక్కే పాత సైకిలు టైరు అంగుళంన్నర, అంటే దాదాపు 40 మిల్లీమీటర్లు. రాతి దారిలో సన్న టైరు పనికిరాదని మన తాతలకు ఏనాడో తెలుసు. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కార్ఖానా 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం విడ్డూరం. మనవాళ్లు సైకిలు వదిలి మోటారు సైకిలు ఎక్కుతున్న కాలంలోనే, మోటారు ఉన్నవాళ్లు సైకిలెక్కి మన ఊరికి వస్తున్నారు.

ఇటలీలో టస్కనీ అనే ప్రాంతం ఉంది. అక్కడి ద్రాక్షతోటల నడుమ తెల్లని కంకర దారులను ఒక్కటొక్కటిగా తారు మింగేస్తుంటే, వాటిని కాపాడాలని 1997లో కొందరు పాత సైకిళ్లతో ఒక యాత్ర మొదలుపెట్టారు. పేరు లెరోయికా. మొదటి ఏడు వందమంది కూడా రాలేదు. తరువాత వేలమంది వచ్చారు. 2007 నుంచి అదే దారుల మీద పేరున్న పందెగాళ్లు పోటీపడుతున్నారు. ఆ తెల్ల దారులు ఈనాటికీ కంకర దారులుగానే ఉన్నాయి, రైతుల బళ్లు వాటి మీదే నడుస్తున్నాయి. కంకర దారి ఉన్నందుకు అక్కడివాళ్లు సిగ్గుపడలేదు, బాగుచేసుకున్నారు.

ఇలా అన్నానని తారు వద్దంటున్నాడనుకోకండి. గెడ్డ అవతల కొండమీది గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చే బాధ ఎవరికి తెలియనిది? అక్కడికి 108 వాహనం పోయే రోడ్డు పడాల్సిందే. అది తారైనా సరే, సిమెంటైనా సరే. అడవి అడ్డమని చేతులెత్తేసే అధికారులకు ఒక మాట గుర్తుచేయాలి. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షను కింద, గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారులోపు అటవీ భూమిని రోడ్డుకు ఇవ్వవచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. మూడు మీటర్ల వెడల్పు దారికి లెక్క కడితే హెక్టారు దాదాపు మూడు కిలోమీటర్లకు పైగా వస్తుంది. చాలా గూడేలకు ఆ మాత్రం చాలు.

కాలువ గట్టుకూ తోట బాటకూ మాత్రం తారెందుకు? తారు పడిన మర్నాడే టిప్పర్లు ఆ దారి పడతాయి. కొండను తవ్వి గ్రావెల్ తోలుకుపోయేవాళ్లకు అంతకంటె కావలసిందేముంది? అప్పుడు బడికి పోయే పిల్ల ఆ దారిలో సైకిలు తొక్కగలదా?

ఆ పిల్ల సంగతే ముఖ్యం. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చిన తరువాత, హైస్కూలు చదువులో ఆ వయసు బాలికల చేరిక 32 శాతం పెరిగిందని పరిశోధకులు లెక్కకట్టారు. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువగా కనిపించిందట. మన రాష్ట్రంలోనూ ఆడపిల్లలకు సైకిళ్లు పంచిన రోజులున్నాయి. సైకిలు ఇచ్చారు సరే, దాన్ని నడిపే దారి ఏదీ? బస్తీ కుర్రాడికి ఏ దారి కావాలో మన హైస్కూలు పిల్లకూ అదే కావాలి. అతనికి ఆదివారం ఒక్కరోజే, ఆమెకు వారంలో ఆరు రోజులు.

దారి బాగుచేయడం బ్రహ్మవిద్య కాదు. గ్రావెల్‌లో రాయి, ఇసుక, కొంచెం జిగురు మన్ను ఈ మూడూ ఉండాలి. మన్ను ఎక్కువైతే వానకు బురద, తక్కువైతే రాళ్లు లేచి చక్రం జారిపోతుంది. దారి నడుమ ఎత్తు, అంచులు పల్లం ఉండాలి. మూడు మీటర్ల దారికి నడిమధ్య అంచుకంటె ఆరు సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు నాలుగు వేళ్ల ఎత్తు ఉంటే నీరు నిలవదు. రెండు పక్కలా కాలువ ఉండాలి. నీరు దారి దాటేచోట తూము ఉండాలి. తడిపి రోలరు తిప్పాలి. మన దగ్గర జరుగుతున్నదేమిటంటే టిప్పరుతో కుప్పలు పోసి, పొక్లెయిన్‌తో అటూ ఇటూ సర్ది, ఫొటో తీసి బిల్లు పెట్టుకోవడం. మొదటి వానకు ఆ గ్రావెల్ పక్క మడిలోకి చేరుతుంది, రైతు తిట్టుకుంటూ పారతో ఎత్తిపోసుకుంటాడు.

తప్పు సర్కారుదే అంటే అన్యాయం. దమ్ము చక్రాలు విప్పకుండానే ట్రాక్టరును దారి మీద నడిపేది మనమే. ఒక్క ఊడ్పుల కాలం చాలు, దారి దువ్వెనతో గీసినట్టవుతుంది. పొలానికి నీళ్లు పెట్టుకోవాలని దారికి అడ్డంగా గండి కొట్టేదీ మనమే. ఈ రెండింటి మీదా పంచాయతీ తీర్మానం చేసి, జరిమానా పెట్టి, మొదట ఆ జరిమానా పెద్దరైతు దగ్గర వసూలు చేస్తే తక్కినవారు వాళ్లంతట వాళ్లే దారికొస్తారు.

వచ్చే సైకిలువారికీ ఒకటి చెప్పాలి. మీరు రావడం సంతోషమే. అంబలి తాగండి, డబ్బులిచ్చి తాగండి. నీళ్ల సీసాలు గట్టు మీద పారేయకండి, ఈ జలాశయం నీళ్లే మీ విశాఖ కుళాయిల్లోకి వస్తున్నాయి. జీడితోటలో చెట్టు కింద కూర్చోవచ్చు గాని గింజ ముట్టకూడదు. ఆడవాళ్లు స్నానాలు చేసే రేవు దగ్గర కెమెరాలు తియ్యకండి. ఈ చివరి మాట చెప్పవలసి రావడం బాధగానే ఉంది.

అక్టోబరు 2న గ్రామసభలు జరుగుతాయి. తుపాన్లూ ఆ నెలలోనే. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. మా ఊరి పక్క గట్టు మీద చింతచెట్టు దగ్గరి తూము కొట్టుకుపోయి రెండు వానాకాలాలు గడిచాయి. పిల్లలు అక్కడ దిగి, సైకిలును భుజాన వేసుకుని, మోకాలి లోతు నీళ్లలో అవతలికి దాటుతున్నారు. ఈసారి సభలో మొదటి అర్జీ ఆ తూము గురించే పెడుతున్నాం. సంతకాలు పెట్టేవారు పంచాయతీ ఆఫీసు దగ్గరికి రావాలి.