నోటుపై ముఖము, కూలివాని చేయి

ముంబాయిలో రిజర్వు బ్యాంకువారి ద్రవ్య ప్రదర్శనశాల 2004లో ప్రారంభమైనది. ప్రాచీన నాణెములు మొదలు నేటి నోట్ల వరకు అచ్చట చూడవచ్చును. జార్జి చక్రవర్తుల బొమ్మలు తొలగి అశోకుని సింహములు వచ్చినవి. 1969లో శతజయంతి సందర్భమున గాంధీజీ నోటుపైకి వచ్చిరి. 1996 నుండి ఆయన బొమ్మతో నోట్ల వరుసయే వెలువడినది. పాలకులు మారిన కొలది ద్రవ్యముపై ముద్ర మారుట చరిత్ర ధర్మము. కాని ఆ ద్రవ్యమునకు విలువ కల్పించిన శ్రామికుని చరిత్ర ఏ అద్దాల పెట్టెలో నున్నది?

ఈ ప్రశ్నకు బస్తరును మించిన ఉదాహరణము లేదు. నేటి కొండగావ్ ప్రాంతమందలి ఎడెంగాలో 1939లో నలవంశపు రాజుల బంగారు నాణెములు 32 దొరికినవి. వాటిపై నందియు, వరాహరాజు మొదలగువారి పేర్లును కలవు. అంతటి బంగారు నాణెములు చెలామణియైన నేలపైననే, ఇటీవలి కాలము వరకు ఆదివాసి సంతలో చారపప్పు నిచ్చి ఉప్పు తెచ్చుకొనెడివాడు. తూచువాడును, ధర చెప్పువాడును వర్తకుడే.

అంతకన్న ఘోరము వెట్టి. రిజర్వు అడవిలో నుండనిచ్చినందుకు చెట్లు నరుకుట, మోయుట, అగ్ని నుండి అడవిని కాపాడుట ఉచితముగా చేయవలెనని తెల్లదొరల పాలనలో కొన్ని గ్రామములకు షరతు విధించిరి. 1910 నాటి భూంకాల్ తిరుగుబాటుకు ఇదియు నొక కారణము. దానికి నాయకుడుగా ప్రసిద్ధి కెక్కిన నేతానార్ గ్రామపు గుండాధుర్ ఏ నోటుపైనను లేడు. మన నోటు వెనుక పదునైదు భాషలలో విలువ వ్రాయబడియున్నది; అందు మన తెలుగు కలదు, బస్తరు గోండీ, హల్బీ లేవు.

మిత్రులారా! ఇది మనకు సంబంధించని విషయమని భావింపరాదు. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవుకు చేర్చు కొత్తవలస–కిరందుల్ మార్గముపై పనిచేయువారు మనవారే. మారుమూల గూడెమునకు పింఛను కొనిపోవు తపాలా ఉద్యోగియు మనవాడే. చదువురాని వృద్ధురాలు వేలిముద్ర వేసిన పిదప ఆమె చేతిలో ఎంత పడినదో, దానిని బట్టియే ఈ దేశపు ద్రవ్యము విలువ తేలును.

కాంట్రాక్టు కూలీలకు ప్రధాన యజమాని ప్రతినిధి సమక్షముననే వేతనము చెల్లింపవలెనని 1970 నాటి చట్టము శాసించినది. చట్టములు మారవచ్చును, ఆ సూత్రము మారరాదు. కావున రైల్వే శాఖలవారు తమ మార్గముపై కాంట్రాక్టు కూలీల చెల్లింపులను స్వయముగా పరిశీలింపవలెను. తపాలా సోదరులు ప్రతి రూపాయిని పుచ్చుకొనువాని ఎదుట, వాని భాషలో లెక్కించి ఇవ్వవలెను. ఆ నాలుగు అంకెలు గోండీలోనో హల్బీలోనో నేర్చుకొనుట మనకు భారము కాదు.

జగదల్పూరులో ద్రవ్య చరిత్రకు ఒక గది ఏర్పడినచో అందు ఎడెంగా బంగారము ప్రక్కన ఉప్పు, చారపప్పు, వెట్టి కథయు ఉండవలెనని మేము కోరుచున్నాము. ఆ గది ఏర్పడువరకు వేచియుండ నక్కరలేదు. కూలి పూర్తిగా చేతికందిన ప్రతి దినమును ఆ చరిత్రలో మనము వ్రాసిన పుటయే యగును.