సిలిండరు ఇస్తే సరిపోదు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలకు సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, సిలిండరులోని గాలి పీలుస్తూ నీటి అడుగున పనిచేసే స్కూబా డైవింగ్ ఈ ప్రాంతానికి అక్కరలేని విద్యేమీ కాదు. అయితే ఇక్కడ దాని అవసరం పగడపు దిబ్బలు చూడటానికి కాదు, మునిగిన మనిషిని వెతకడానికి. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తినప్పుడు కొట్టుకుపోయినవారి కోసం రోజుల తరబడి గాలించాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం వద్ద ఆకేరు వాగు కారును లాక్కుపోగా యువ వ్యవసాయ శాస్త్రవేత్త, ఆమె తండ్రి ప్రాణాలు కోల్పోయారు. 2025 జూన్ తొలివారంలో మహదేవపూర్ మండలంలో, మేడిగడ్డ బ్యారేజీకి సమీపాన గోదావరిలో స్నానానికి దిగిన ఆరుగురు యువకులు మునిగిపోయారు. జాతీయ, రాష్ట్ర విపత్తు దళాలు చేరేలోగా ఇలాంటి చోట్ల ముందుగా నీళ్లలోకి దిగేది చుట్టుపక్కల ఊళ్ల గజ ఈతగాళ్లే.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ, మండలానికో ‘ఆక్సిజన్ సిలిండరు’ ఇస్తే ఈతగాళ్లే అన్నీ చూసుకుంటారన్న మాట వినబడుతుంది. ఆలోచన మంచిదే గాని, శిక్షణ లేకుండా ఇచ్చిన సిలిండరు ఈతగాడికి వట్టిచేతుల కన్నా ప్రమాదకరం. సాధారణ డైవింగ్ సిలిండరులో ఉండేది ఆక్సిజన్ కాదు, వడపోసి ఒత్తిడితో కుక్కిన మామూలు గాలి; స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 6 మీటర్లు దాటిన లోతులో పీలిస్తే ఫిట్స్ వచ్చి మునిగిపోయే ముప్పు ఉంటుంది. పంక్చరు దుకాణంలోని కంప్రెసరుతో గాలి నింపితే అందులో నూనె ఆవిరి, దగ్గర్లో ఇంజను నడుస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా చేరవచ్చు. ఉపరితలం మీద తలనొప్పితో పోయే మోతాదు లోతులో, అధిక పీడనం వద్ద, స్పృహ తప్పిస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఈతగాడి నైపుణ్యంలోనే ఉంది. దాదాపు ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది కాబట్టి, 10 మీటర్ల అడుగున సిలిండరు నుంచి నిండుగా పీల్చిన గాలి, మనిషి పైకి వచ్చేసరికి రెండింతలు కావడానికి చూస్తుంది. చిన్నప్పటి నుంచి ఊపిరి బిగబట్టి మునగడమే తెలిసిన గజ ఈతగాడు ఒడ్డున పీల్చిన గాలితోనే దిగి, దానితోనే తిరిగి వస్తాడు గనుక అతడికి ఆ బాధ లేదు. సిలిండరు తగిలించుకొని అదే అలవాటున ఊపిరి బిగబట్టి పైకి లేస్తే మాత్రం ఊపిరితిత్తులు చిట్లి, గాలి బుడగలు రక్తంలోకి చేరి మెదడుకు పోయే రక్తాన్ని అడ్డుకుంటాయి. మీటరున్నర లోతు నుంచి లేచినా ఇది జరగవచ్చు. అందువల్ల స్కూబాలో మొదట నేర్పే నియమం, ఎన్నడూ శ్వాస ఆపకూడదన్నదే. ఒక తరం చేతిలో పండిన విద్యను శరీరం చేత మరిపించాలంటే ఒక్కరోజు అవగాహన సదస్సు, గ్రూపు ఫొటో ఏమాత్రం చాలవు.

లోతు పెరిగినకొద్దీ ఇంకో ముప్పు తోడవుతుంది. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి, గబగబా పైకి వస్తే మూత తీసిన సోడాలో మాదిరిగా బుడగలై కీళ్లను, వెన్నుపామును దెబ్బతీస్తుంది. నిమిషానికి 9, 10 మీటర్లకు మించకుండా లేవడం, 5 మీటర్ల దగ్గర కనీసం 3 నిమిషాలు ఆగడం అందుకే. ఇలా ఆగి ఆగి పైకి లేవడాన్ని లెక్కించే పట్టికలను శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ బృందం మేకల మీద పరీక్షలు జరిపి 1908లో ప్రకటించింది. బుడగలు ఏర్పడ్డాక చికిత్స పీడన గదిలోనే జరగాలి. అలాంటి వసతి దొరికే హైదరాబాద్ కాళేశ్వరానికి 250 కిలోమీటర్లకు పైబడిన దూరం.

శిక్షితులకు సైతం నది ఎంతవరకు లొంగుతుందో 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగినప్పుడు తేలింది. అందులోని 77 మందిలో బయటపడింది 26 మందే. వరంగల్ పక్కనున్న కడిపికొండ నుంచి వెళ్లిన బృందమూ ఆ బోటులోనే ఉంది. 200 అడుగులు దాటిన లోతు, సుడులు, బురద కలిసిన చోట నౌకాదళ డైవర్లున్నా బోటు చేతికందలేదు. వరద తగ్గాక, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం విశాఖ డైవర్ల సాయంతో దాన్ని బయటికి లాగింది. ఆగడం, ‘ఇప్పుడు దిగం’ అనడం కూడా డైవింగ్ విద్యలో భాగమే. ఒడ్డున బంధువుల ఏడుపు, నాయకుల తొందర, సెల్‌ఫోన్ కెమెరాల మధ్య ఒక ఈతగాడు ఆ మాట అనగలగాలంటే దానికి అధికారి సంతకం అండగా ఉండాలి.

జనగామ వైపు పొలాల్లో వ్యవసాయ బావులది వేరే కథ. మోటారు పైపులు, తాళ్లు, సర్వీసు వైర్లు ఉన్న ఇరుకులో చిక్కుకుపోవడం సులువు కనుక, స్టార్టర్ ఫ్యూజు పీకి, పైన తాడు పట్టుకున్న మనిషి లేనిదే ఎవరినీ దించకూడదు.

ఇక కంటికి కనబడని ముప్పు గురించి ఇక్కడ మాట్లాడేవారే తక్కువ. వరద నీరు ఎలుకల, పశువుల మూత్రాన్ని, పెంటకుప్పలను, మరుగుదొడ్ల మురుగును కలుపుకొని వస్తుంది. కాలి మీది గీత ద్వారా లెప్టోస్పైరా అనే బాక్టీరియా దూరితే, సాధారణంగా ఒకటి రెండు వారాలకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎర్రదనం మొదలై కొందరిలో కామెర్లు, మూత్రపిండాల వైఫల్యం దాకా పోతుంది. వరద నీటిలో పనిచేసేవారికి కేరళ ఆరోగ్యశాఖ వారానికోసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇస్తుంది. వైద్యుడి పర్యవేక్షణలో ఆ పద్ధతి ఇక్కడా పాటించదగ్గది. ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు ముందే వేయించాలి. వేడెక్కిన నిల్వ నీటిలో ఉండే నెగ్లేరియా అమీబా తాగితే కాక ముక్కులోకి పోతేనే మెదడుకు చేరుతుంది. అరుదైనదే అయినా సోకితే బతకడం కష్టం కనుక ముక్కును కప్పే మాస్కు తప్పదు. నోట పెట్టుకొని గాలి పీల్చే గొట్టపు కొసను నలుగురూ వంతులవారీగా వాడితే ఒకరి ఉమ్మిలోని క్రిములు మరొకరికి అంటుతాయి. దాన్ని ప్రతిసారీ సబ్బునీటితో కడిగి, క్రిమినాశక ద్రావణంలో ముంచి, మంచినీటితో తొలిచి నీడన ఆరబెట్టాలి. పడిశం పట్టినవాణ్ణి దించడమే తప్పు, ఎందుకంటే మూసుకుపోయిన చెవి గొట్టం పీడనాన్ని సర్దుకోలేక కర్ణభేరి చిట్లుతుంది.

గజ ఈతగాళ్ల పేర్లు తహసీలు కార్యాలయంలోనో పోలీసు స్టేషన్‌లోనో ఫోను నంబర్లుగా ఉంటే సరిపోదు; అవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉండాలి, ఏ తేదీన ఏ నీళ్లలో దిగారన్న వివరంతో సహా. చక్కెర జబ్బున్న నడివయసు ఈతగాడికి మట్టి, నీటి ద్వారా సోకే మెలియాయిడోసిస్ వస్తే అది ఎక్స్‌రేలో క్షయలా కనబడి, నెలల తరబడి వేరే మందులు మింగించే అవకాశం ఉంది. రక్తాన్ని కల్చర్ పరీక్షకు పంపాలన్న ఆలోచన వైద్యుడికి ఆ వివరం చూస్తేనే తడుతుంది.