తాళంచెవుల గుత్తి ఎవరి దగ్గరుంది?

పాశమైలారంలో చిన్న మెషిన్ షాపు నడిపే మిత్రుడొకడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, సాఫ్ట్‌వేరోనివి గదా, మంచి పాస్‌వర్డ్ మేనేజర్ ఏదో చెప్పు, కొనేస్త" అన్నాడు. ఉన్నట్టుండి ఈ జ్ఞానోదయం ఎందుకయిందా అని ఆరా తీస్తే అసలు సంగతి బయటికొచ్చింది.

పార్ట్‌టైమ్ అకౌంటెంటు మానేశాడు. ఫోన్ ఎత్తడం లేదు. జీఎస్టీ పోర్టల్లో పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే ఓటీపీ వెళ్ళేది అతని ఫోనుకీ, అతని మెయిలుకీ! రిజిస్ట్రేషన్ నాడు "నా నంబరే పెట్టేస్త సార్, మీకెందుకు తలనొప్పి" అన్నాడట, మావాడు తలూపాడట. రిటర్ను వెయ్యాల్సిన 20వ తారీఖు ఇంకో మూడు రోజులుంది.

నాకు మండింది. మావాడి మీద కాదు, మన సాఫ్ట్‌వేర్ జాతి మీద. చిన్న వ్యాపారి ఎవరైనా ఈ ప్రశ్న అడగ్గానే మనం చేసేదేమిటి? బిట్‌వార్డెనా, వన్‌పాస్‌వర్డా, కీపాసా అంటూ పట్టిక గీసి చేతిలో పెడతాం. ఇంకో మహానుభావుడు "సొంత సర్వర్లో పెట్టుకో" అని సలహా పారేస్తాడు. పదిహేను మంది పనిచేసే షెడ్డులో యూపీఎస్ కుయ్యోమంటే పట్టించుకునే నాథుడుండడు, సర్వర్ ఎవరు చూస్తారయ్యా?

నేననేది ఒక్కటే. ఏ మేనేజర్ అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఖాతా ఎవరి చేతిలో ఉంది? మేనేజర్ పాస్‌వర్డుని దాచిపెడుతుంది, అంతే. ఓటీపీ ఎవరి ఫోనుకి వెళ్తుందో అది మార్చలేదు. జీఎస్టీ, ఆదాయపు పన్ను, పీఎఫ్, ఈఎస్ఐ, కాలుష్య మండలి, కరెంట్ ఖాతా, కంపెనీ మెయిలు... ఒక్కొక్కటీ తెరిచి, నమోదైన నంబరూ మెయిలూ యజమానివో కావో చూసుకోవాలి. డిజిటల్ సంతకం టోకెన్ అకౌంటెంటు బ్యాగులో తిరుగుతుంటే అదీ తెచ్చుకోవాలి. ఇది చెయ్యకుండా మేనేజర్ కొనడమంటే, తలుపు పక్కింటివాడి పేరున ఉంచి తాళం మాత్రం మనం కొనుక్కున్నట్టు.

"మా షెడ్డుల ఏముందని దోచుకుంటరన్నా?" అన్నాడు మావాడు. 2022 జనవరిలో హైదరాబాదులోని ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా పోయాయి. మొదలు ఎక్కడంటే, ఉద్యోగులు తెరిచిన మోసపు మెయిళ్ళ దగ్గర. సూపర్ యూజర్లు పది మంది ఉన్నారనీ, వాళ్ళలో కొందరికి ఒకే పాస్‌వర్డ్ అనీ పోలీసులే చెప్పారు. బ్యాంకులోనే అలా ఉంటే, 'కంపెనీ పేరు, ఎట్, 123' అనే మన పాస్‌వర్డుల గతేమిటి?

పోనీ, మేనేజర్ కంపెనీలని గుడ్డిగా నమ్మొచ్చా అంటే అదీ లేదు. 2022లో లాస్ట్‌పాస్ వాడకందార్ల ఖజానాల నకళ్ళు దొంగల చేతికి పోయాయి. లోపలి పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి గానీ సైట్ల చిరునామాలు బాహాటంగానే ఉన్నాయి. మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకున్నవాళ్ళకి ఆ ముప్పు ఇప్పటికీ ఉంది. కాబట్టి మాస్టర్ పొడుగ్గా ఉండాలి, ఇంకెక్కడా వాడనిదై ఉండాలి. అంతెందుకు, బీరువాలో తాళమేసిన నోటుబుక్కుని చూసి నవ్వేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. వాట్సాప్ గ్రూపులో పాస్‌వర్డులు పెట్టడం కన్నా ఆ పుస్తకం వెయ్యి రెట్లు నయం.

సరే, ఇక ఎంపిక. నా కొలబద్ద ఒక్కటే. మనిషి మానేసిన రోజున ఏమవుతుంది?

యజమాని ఒక్కడే వాడేట్టయితే కీపాస్‌ఎక్స్‌సీ చాలు. ఉచితం, ఫైలు మన కంప్యూటర్లోనే ఉంటుంది. కాపీ ఇంకోచోట దాచుకోవాలి. కానీ ముగ్గురు పంచుకుంటే ఆ ఫైలు తెరిచినవాడికి మొత్తం కనిపిస్తుంది, పెన్‌డ్రైవులో ఇంటికీ వెళ్ళిపోతుంది. అలాంటప్పుడు బిట్‌వార్డెన్ లాంటి దాంట్లో డబ్బు కట్టి టీమ్ ప్లాన్ తీసుకోవడమే మేలు. అకౌంటెంటుకి పన్నుల పాస్‌వర్డులే ఇస్తాం, బ్యాంకువి ఇవ్వం. మానేస్తే అతని పేరు తీసేస్తాం. అయితే ఒకసారి చూసిన పాస్‌వర్డుని మనిషి బుర్రలోంచి ఏ సాఫ్ట్‌వేరూ తుడవలేదు. అతనికిచ్చినవన్నీ ఆ రోజే మార్చాలి. ఏవేవి మార్చాలో జాబితా ఉండటమే మేనేజర్ వల్ల అసలు లాభం.

వేరే లాగిన్ ఇచ్చే వీలున్నచోట పాస్‌వర్డ్ పంచుకోనే కూడదు. ఈ-వే బిల్లు పోర్టల్లో సబ్ యూజర్లని పెట్టుకోవచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడ అందరికీ ఓటీపీ తప్పనిసరి, సబ్ యూజర్ తన సొంత నంబరు పెట్టుకోవచ్చు. అయినా చాలా షెడ్లలో డిస్పాచ్ కుర్రాడు ఓనరు లాగిన్‌తోనే బిల్లు తీసి, "సార్, ఓటీపీ చెప్పండి" అని రాత్రి పదకొండింటికి లేపుతుంటాడు!

ఇంకోటి. మాస్టర్ పాస్‌వర్డ్ ఒక కాగితమ్మీద రాసి, కవర్లో సీలు చేసి బ్యాంకు లాకర్లో పెట్టండి. యజమాని ఆసుపత్రిలో పడితే జీతాలు ఆగకూడదు కదా.

మావాడి కథకొస్తే, కాగితాలు పట్టుకుని జీఎస్టీ అధికారి దగ్గరికెళ్ళి నంబరు మార్పించుకున్నాడు. ఈలోగా 20 దాటిపోయింది, రోజుకి 50 చొప్పున ఆలస్య రుసుమూ, పన్ను మీద వడ్డీ పడ్డాయి. మేనేజర్ ఇంకా కొనలేదు. ఫర్వాలేదు, ముందు చెయ్యాల్సింది ముందు చేశాడు.

మీకూ ఓ చిన్న షెడ్డుంటే రేపు పొద్దున్నే జీఎస్టీ పోర్టల్లో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కండి. ఎవరి ఫోను మోగుతుందో చూడండి. ఆ తర్వాత నన్నడగండి, ఏ మేనేజర్ కొనాలో.