ముద్ర లేని సరకు

విద్యార్థులారా! పచారీ కొట్టులోని తూకపు యంత్రమును మీరెప్పుడైనను పరికించి చూచితిరా? తూనికలు, కొలతల శాఖవారు ఆ యంత్రమును పరీక్షించి, తూకము సరిగా నున్నదని తేల్చుకొనిన పిమ్మట దానిపై ముద్ర వేయుదురు. వర్తకుడు ఎంతటి ధర్మాత్ముడైనను ఆ ముద్ర లేనిదే ఆ యంత్రముతో సరకు తూచి అమ్మరాదు. ఇందులో వర్తకునకు అవమానమేమియు లేదు. కొనువాడు యంత్రము లోపలికి తొంగి చూడజాలడు గనుక, వాని తరఫున మరియొకడు చూచెనని చెప్పుటకే ఆ ముద్ర.

మన కొల్లూరు రైతు కొను విత్తనములకు 1966లోనే చట్టము వచ్చినది. అతడు పసుపుచేనికి, అరటితోటకు చల్లు పురుగుమందులకు 1968లో వచ్చినది. వంట గ్యాసు సిలిండరునకు ఐ.ఎస్.ఐ. ముద్ర కావలెను. మోటారు సైకిలు నడుపువాని శిరస్త్రాణమునకు కావలెను. 2021 జనవరి 1వ తేదీ నుండి పసిపిల్లలు ఆడుకొను బొమ్మలకు సైతము ఆ ముద్ర తప్పనిసరి యైనది.

ఇన్నిటికి ముద్ర నడుగు మనము ఒక సరకును మాత్రము కన్నులు మూసికొని ఇంటికి తెచ్చుకొనుచున్నాము. అది సాఫ్టువేరు. కంప్యూటరు దేహమైనచో సాఫ్టువేరు దానికి బుద్ధి వంటిది. రేషను దుకాణములో అవ్వ వ్రేలిముద్ర సరిపోలెనో లేదో చెప్పునది అది. పొలము ఎవరి పేర నున్నదో చూపునది అది. బ్యాంకులో మన సొమ్ము లెక్కించునది, ఆసుపత్రిలో మందు మోతాదును నిర్ణయించు యంత్రమును నడుపునది కూడ అదియే. దానిని అమ్మువారు పొడుగైన ఒడంబడిక యొకటి మన ముందుంచి, ‘అంగీకరించితిని’ అను చోట నొక్కుమందురు. సరకును ఉన్నది ఉన్నట్లుగా ఇచ్చుచున్నామనియు, దానివలన కలుగు నష్టమునకు తమ పూచీ లేదనియు అర్థము వచ్చు మాటలు అందులో తరచుగా కనబడును. ఇటుకల బట్టీవాడు ఇట్టి కాగితము వ్రాసి ఇటుకలు అమ్మజూచినచో ఇల్లు కట్టుకొనువాడెవడైనను కొనునా? ప్రజల ధనమును, ప్రాణమును, చదువును తాకు సాఫ్టువేరునకు నాణ్యతా ప్రమాణములను, భద్రతా ప్రమాణములను శాసనము ద్వారా విధింపవలసినదే యని నా అభిప్రాయము.

ముద్ర వేసిన వస్తువు లోపలను సాఫ్టువేరు దాగియుండుట మరియొక చిక్కు. 2020 సెప్టెంబరులో సైబరాబాదు పోలీసులు ఒక ముఠాను పట్టుకొనిరి. వారు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలోని పలు పెట్రోలు బంకులలో, పంపుల లోపల ప్రత్యేకముగా తయారుచేసిన చిప్పులను అమర్చిరి. పంపుపైని అంకెలు లీటరని చూపును. బండిలో పడునది 970 మిల్లీలీటర్లు. ఇనుప పాత్రతో కొలిచిన కాలమున పాత్ర సొట్టపడినచో కంటికి కనబడెడిది. చిప్పునకు సొట్ట కనబడదు.

మోసము సంగతి అటుంచుడు. మోసము లేకుండనే, కేవలము అశ్రద్ధ వలన జరిగిన అనర్థము మన పొరుగు రాష్ట్రములో ఒకటి కలదు. అది మీ వయస్సునకు దగ్గరి విషయము గనుక కొంచెము విపులముగా చెప్పెదను.

2019 ఏప్రిలు 18వ తేదీన తెలంగాణ ఇంటర్మీడియేటు బోర్డువారు పరీక్షా ఫలితములను ప్రకటించిరి. పరీక్షలు వ్రాసినవారు తొమ్మిది లక్షలకు పైబడియుండిరి. ఆ యేడు ఫలితములను సిద్ధపరచు పని ఒక ప్రైవేటు సంస్థ సాఫ్టువేరునకు అప్పగింపబడినది. ఫలితములు చూచుకొని పిల్లలు నిర్ఘాంతపోయిరి. పరీక్షకు వెళ్లి చక్కగా వ్రాసి వచ్చినవారు కొందరు అసలు రానివారుగా నమోదైరి. మొదటి సంవత్సరమున మంచి మార్కులు తెచ్చుకొనిన ఒక బాలికకు తెలుగులో సున్న వచ్చినది. జవాబు పత్రమును తిరిగి చూడగా ఆమెకు రావలసినవి 99 మార్కులని తేలినది. తెలుగు పరీక్షలో నూటికి తొంబదితొమ్మిది ఇచ్చుటకు మావంటి పండితులకు చేయి అంత సులువుగా రాదు. అట్టి బిడ్డకు సున్న!

ఆ దినములలో కొందరు విద్యార్థులు నిరాశకు లోనై ప్రాణములు కోల్పోయిరి. ప్రతి మరణమునకు యంత్రమే కారణమని చెప్పుట సరికాదు. కాని ఆ తలిదండ్రుల శోకమునకు ఏ సంజాయిషీయు చాలదు. మార్కులు తారుమారైనను, నిజముగనే తక్కువ వచ్చినను, ఆ బాధను ఇంటిలోని పెద్దలతోనో, మీ గురువులతోనో చెప్పుకొనుడు. పత్రమును తిరిగి దిద్దింపవచ్చును. పరీక్షను తిరిగి వ్రాయవచ్చును.

ప్రభుత్వము ముగ్గురు సభ్యుల సంఘముచేత విచారణ జరిపించినది. తప్పినవారందరి పత్రములను, మూడు లక్షలకు పైబడిన విద్యార్థులవి, రుసుము లేకుండ పునఃపరిశీలన చేయించినది. ఈ పర్యాయము మరియొక స్వతంత్ర సంస్థచేత కూడ లెక్క కట్టించిరి. తప్పినట్లు ప్రకటింపబడిన 1,137 మంది ఉత్తీర్ణులని తేలినది. లక్షలలో ఇది స్వల్పమని కొందరనిరి. ఒక పెద్ద ఉన్నత పాఠశాలలో ఆరవ తరగతి మొదలు పదవ తరగతి వరకు ఉన్న పిల్లలందరును ఒక్కనాడు తప్పినట్లు ప్రకటింపబడినచో ఎట్లుండునో ఊహించుకొనుడు.

ఇచ్చట న్యాయముగా చెప్పవలసిన సంగతి యొకటి ఉన్నది. ఆ బాలికకు సున్న వేసినది యంత్రము కాదు. పత్రముపై మార్కుల వలయములను నింపిన మనిషి 99కి బదులుగా సున్నలు నింపెను. అట్లయినచో సాఫ్టువేరును అనుటయేల యని మీరడుగవచ్చును. మనిషి పొరబడుట లోక సహజము. ఆ సంగతిని ముందుగానే ఎరిగి, పొరపాటును దారిలో ఆపునదియే మంచి పనిముట్టు. మేము పాఠశాలలో మార్కుల రిజిష్టరు వ్రాయునప్పుడు ఒకరు కూడిన మొత్తమును వేరొకరు తిరిగి కూడెడివారు. ఏ విద్యార్థికైనను ఒక్క పరీక్షలోనే అకస్మాత్తుగా మార్కులు పడిపోయినచో ప్రధానోపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో చుట్టి, పత్రము తెమ్మనెడివాడు. ఇది గొప్ప శాస్త్రము కాదు. “మిగిలిన అన్నిటిలో మంచి మార్కులు వచ్చిన ఈ బిడ్డకు తెలుగులో సున్న యేమి?” అని అడిగి ఆగుటను యంత్రమునకు నేర్పవచ్చును. అది నేర్పబడెనా, లేదా యని ఫలితములకు ముందు పరీక్షించి చూచు బాధ్యత ఎవరిదో చట్టములో వ్రాసియుండవలెను. లక్షల మంది పిల్లలను పరీక్షించు యంత్రము తాను ఏ పరీక్షలోను ఉత్తీర్ణము కానక్కరలేదనుట వింతగా లేదా?

ఇక భద్రత మాట. దీనిని మన ప్రాంతమువారికి బోధించుటకు కృష్ణ కరకట్టకు మించిన ఉదాహరణము లేదు. 2024 సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశము బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద నమోదైనది. అంతటి వరద అచ్చట అంతకు ముందెన్నడును నమోదు కాలేదు. లంక గ్రామములు మునిగినవి. కట్ట బలహీనముగా నున్న చోట్ల జనులు ఇసుక మూటలు వేసి కాచిరి. ఏలయనగా, కట్ట నా పొలము ప్రక్కన తెగినచో మునుగునది నా పొలమొక్కటియే కాదు. దిగువ నున్న ఊళ్లన్నియు మునుగును. కనుకనే కట్ట ఎత్తును, వెడల్పును ఏ రైతునకు ఆ రైతు ఇష్టమునకు విడిచిపెట్టలేదు.

కంప్యూటర్లును అట్లే ఒకదానితో నొకటి కలిసియున్నవి. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ అను దుష్ట సాఫ్టువేరు ప్రపంచమంతట వ్యాపించి, కంప్యూటర్లలోని పత్రములకు తాళము వేసి, సొమ్ము చెల్లించిననే విప్పుదునని బెదరించినది. ఇంగ్లండులో ఆసుపత్రుల పని నిలిచినది. మన రాష్ట్రములో గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దీని వాతబడినవి. ఆ గండిని పూడ్చు సవరణ రెండు నెలల ముందే, మార్చిలోనే వెలువడినది. దానిని వేసికొనని యంత్రములు చిక్కుకొనినవి. అంతకు ముందు సంవత్సరము, 2016లో ‘మిరాయి’ అనునది వచ్చినది. అది ఇండ్లలోని కెమెరాలు మొదలగు చవుక పరికరములను లోబరచుకొని, వాటిచేత పెద్ద పెద్ద సంస్థలపై దాడి చేయించినది. ఆ పరికరములన్నిటికి కార్ఖానాలో పెట్టిన సంకేతపదమే ఉండుట దానికి దారియైనది. ఊరిలోని ఇండ్లన్నిటికి ఒకే తాళపుచెవి చేసి యిచ్చిన కమ్మరిని మనమేమందుము?

ఇట్టి నియమములు వలదనువారు చెప్పు మాటలలో కొంత సత్యము లేకపోలేదు. తప్పులేని సాఫ్టువేరు భూమిపై లేదందురు. నిజమే. తెగని కట్టయు లేదు. అయినను కట్టకు కొలత ఉన్నది. లైసెన్సులు, ఇనస్పెక్టర్లు పెరిగి లంచములు పెరుగునందురు. ఈ భయము నాకును కలదు. కాని ఆ దోషమునకు తూనికల ముద్రను రద్దుచేయుమని ఎవరును కోరరు. వారి మాటలలో నాకు మిక్కిలి బరువైనదిగా తోచినది వేరు. తెనాలిలోనో, రేపల్లెలోనో ఒక చిన్న గదిలో కూర్చుండి ఇద్దరు యువకులు ఉపయోగకరమైన సాఫ్టువేరును వ్రాయుచుందురు. మరికొందరు తాము వ్రాసినదానిని లోకమునకు ఉచితముగా పంచుచుందురు. పెద్ద సంస్థలు మోయగల కాగితముల బరువు వీరిని నలిపివేయును. ఇంటివద్ద పచ్చడి పెట్టి ఇరుగుపొరుగునకు పంచు ఇల్లాలిని కార్ఖానాదారునితో సమానముగా చూడరాదు. ఐరోపా సమాఖ్యవారు ఈ భేదమును గుర్తించిరి. 2024 డిసెంబరు 10న అమలులోనికి వచ్చిన వారి చట్టము, వ్యాపారముగాక ఉచితముగా పంచబడు సాఫ్టువేరును మినహాయించినది. అమ్మువారిపై మోపిన ప్రధాన నియమములకు 2027 డిసెంబరు వరకు గడువిచ్చినది. ఇంగ్లండు 2024 ఏప్రిలు 29 నుండి అందరికి ఒకే సంకేతపదముతో పరికరముల నమ్ముటను నిషేధించినది.

మన దేశములోను కొంత జరిగినది. 2023లో వ్యక్తుల సమాచార రక్షణకు చట్టము వచ్చినది. తగిన భద్రత చూపని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. కాని అది సమాచారము పోయినప్పటి మాట. లెక్క తప్పినచో ఏమి?

నా దృష్టిలో మొదట చేయవలసినది, ప్రజలు తమ ఇష్టముతో నిమిత్తము లేకుండ వాడక తప్పని సాఫ్టువేరునకు ప్రమాణము విధించుట. ఆటల సాఫ్టువేరు నచ్చకున్న మీరు మానివేయుదురు. మార్కులు లెక్కించు సాఫ్టువేరును ఏ విద్యార్థియు ఎన్నుకొనలేదు. బియ్యము తూచి యిచ్చు యంత్రమును ఏ అవ్వయు ఎన్నుకొనలేదు. అట్టివానిని అమలుపరచుటకు ముందు, తయారుచేసినవాడు గాక వేరొకడు పరీక్షింపవలెను. కొంతకాలము పాత విధానముతో ప్రక్కప్రక్కన నడిపి రెండు లెక్కలను పోల్చవలెను. లోపము బయటపడినచో దాచక తెలిపి, చెప్పిన గడువులో సవరింపవలెను. యంత్రము ‘లేదు’ అన్నప్పుడు, కాగితము చూచి ‘కలదు’ అనగల మనిషి యొకడు అధికారముతో అచ్చట ఉండవలెను.

పరీక్షించువారెక్కడనున్నారని అడుగుదురు. ఎస్.టి.క్యు.సి. అను కేంద్ర ప్రభుత్వ సంస్థ చిరకాలముగా ఈ పని చేయుచున్నది. హైదరాబాదులో దానికి పరీక్షా కేంద్రము కలదు. 2025 ఏప్రిలు నుండి మన దేశములో అమ్ము నిఘా కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి యైనది. వీధి చివరి స్తంభముపైని కెమెరాకు చేసిన ఈ ఏర్పాటును, పిల్లల మార్కుల పట్టికను తయారుచేయు సాఫ్టువేరునకు విస్తరించుటకు ప్రభుత్వము వేచియుండవలసిన కారణము నాకు కనబడదు.