గ్రానైటు గట్టూ... గరాటు పెట్టెలూ!

మా వంటింటి కడప బండ గట్టు అరిగి, మూలన పెచ్చులేచి, తుడిచినప్పుడల్లా గుడ్డ పట్టుకుని లాగుతోందని పోయిన ఏడాది ఓ చీటీ పాడుకున్నాను. నల్ల గ్రానైటు వేయించాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. మేస్త్రీని పిలిచి కొలతలు కూడా తీయించాను. డబ్బు చేతికొచ్చి వారం తిరగలేదు, మావారు ఆటోలోంచి రెండు చెక్క పెట్టెలు దించారు. "ఏమిటండీ ఇవి?" అంటే "స్పీకర్లు" అన్నారు నేలచూపులు చూస్తూ. డబ్బెక్కడిదని అడగక్కర్లేకపోయింది!

ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నేను వెలిగించలేదు.

నా కోపం సంగతి తర్వాత చెబుతాను. ముందు మా అత్తయ్యగారి సంగతి చెప్పాలి. ఎందుకంటే కథంతా ఆవిడ దగ్గరే మొదలైంది.

అత్తయ్యగారికి 78 ఏళ్ళు. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వింటూ కాఫీ డికాక్షన్ తీయటం ఆవిడకు జీవితమంతా అలవాటు. రాగాల పేర్లు చెప్పలేరు గానీ, ఎవరైనా పాట తప్పు పాడితే కూర తరిగే చెయ్యి టక్కున ఆగిపోయేది. మూడు నాలుగేళ్ళుగా ఆవిడకు వినికిడి తగ్గింది. టీవీ సౌండు పెంచుకునేవారు. పెంచిన కొద్దీ మోత ఎక్కువయ్యేదే తప్ప మాట తెలిసేది కాదు. ఓ రోజు పక్క వాటావాళ్ళు తలుపు కొట్టి మరీ చెప్పి వెళ్ళారు. ఆ రాత్రే మా అబ్బాయి, పరీక్షల చదువులో ఉన్నాడేమో, "నానమ్మా, కాస్త తగ్గించవా, చెవులు పగిలిపోతున్నాయి" అని విసుక్కున్నాడు. ఆవిడ రిమోటు బల్ల మీద పెట్టేసి, "నా చెవులు పోతే మీకెందుకర్రా ఈ బాధ" అని గదిలోకి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి హాల్లోకి రావటం మానేశారు. అన్నం కూడా గదిలోకే. ఇంట్లో మనిషి ఉండీ లేనట్టయిపోయింది.

చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. గుబిలి తీసి, పరీక్ష చేసి, వయసుతో వచ్చిన తగ్గుదలే అన్నారు. వయసు మీద పడ్డాక ముందుగా పోయేవి సన్నటి ధ్వనులట. అంటే అచ్చులు వినపడతాయి, హల్లులు సరిగ్గా అందవు. మనం "కప్పు" అన్నామో, "పప్పు" అన్నామో, "తప్పు" అన్నామో వాళ్ళకు తేలదు. సౌండు పెంచితే మోత పెరుగుతుంది, తికమక తికమకగానే ఉంటుంది. చెవికి మిషను పెట్టుకోమని డాక్టరు రాసిచ్చారు. "ఈ వయసులో నాకు మిషనేమిటి" అని ఆవిడ మొరాయించారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మావారి స్నేహితుడొకాయన ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరకు వెళ్ళిపోతూ, తన స్పీకర్లూ చిన్న యాంప్లిఫయరూ అమ్మకానికి పెట్టారు. ఈయనకు పాటల పెట్టెల పిచ్చి పెళ్ళినాటి నుంచీ ఉన్నదే. ఇంకేం! నా గట్టు కాస్తా గట్టెక్కింది.

మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు ఆయనే వంటింట్లోకి వచ్చి, నేను నూనె పోసుకునే గరాటు తీసుకుని, సన్న మూతి నోటికి ఆనించుకుని, నెమ్మదిగా "కాఫీ ఇస్తావా?" అన్నారు. పెరట్లో ఉన్న నాకు పక్కనే నిలబడి అడిగినట్టు వినపడింది. నవ్వాపుకోలేకపోయాను. "ఆ పెట్టెల్లో ఉన్నది ఇదే" అన్నారు.

నేను చదివింది ఇంటరే. ఫిజిక్సులో అత్తెసరు మార్కులు. గరాటు భాషలో చెబితే నాకే బోధపడింది కాబట్టి, మీకూ అలాగే చెబుతాను.

స్పీకరులో పల్చటి పొర ఒకటి ముందుకీ వెనక్కీ కదిలి గాలిని తోస్తుంది. చిన్న గరిటెతో పెద్ద గుండిగలో సాంబారు కలపబోతే ఏమవుతుంది? గరిటె తిరుగుతుంది, సాంబారు పక్కలకి జారిపోతుంది. పొర ముందున్న గాలీ అంతే. అందుకే మామూలు పెట్టెల్లో చాలావాటికి నూరు రూపాయల కరెంటు ఇస్తే ఒక్క రూపాయి విలువ కూడా ధ్వనిగా రాదు. మిగిలిందంతా వేడిగా పోతుంది. అదే పొర ముందు గరాటు పెడితే గాలి పక్కలకు జారకుండా సన్న మూతి దగ్గర పట్టు దొరుకుతుంది. అక్కణ్ణుంచి కొద్దికొద్దిగా వెడల్పవుతూ ధ్వని గదిలోకి దిగుతుంది. పొర కొంచెం కదిలితే చాలు, ధ్వని బోలెడు. పొలం గట్టు మీద నుంచి కేకేసేవాళ్ళు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకునేది ఇందుకే.

మా అమ్మమ్మగారింట్లో పాత గ్రామఫోను ఉండేది. దానికి కరెంటు లేదు, కీ ఇస్తే పళ్ళెం తిరిగేది. సూది కదలికలోంచి పుట్టిన ఆ కాస్త ధ్వనే బూరలోంచి వచ్చి వసారా అంతా నిండేది. 1920ల చివర్లో సినిమాలకు మాట వచ్చినప్పుడు కూడా హాలు నింపింది పెద్ద పెద్ద బూరలే. అప్పటి యాంప్లిఫయర్లకు కొద్ది వాట్ల శక్తే ఉండేది మరి.

"అయితే శ్రీరామనవమి పందిట్లో తెల్లారకుండానే మోగే మైకు లాగా ఉంటుందా?" అన్నాను భయంగా. నిజమే, బూర అనగానే మనకు గుర్తొచ్చేది అదే. ఆ మైకు బూర దూరాన ఉన్నవాళ్ళకు మాట చేరటానికి చేసింది. బొంగురు ధ్వనులు దాంట్లోంచి సరిగ్గా రావు, అందుకే ఆ కీచు. ధ్వని ఎంత బొంగురుదైతే బూర అంత పెద్దది కావాలి. మృదంగం ఎడమ పక్క వాయించినప్పుడు వచ్చేలాంటి లోతైన ధ్వని అల ఒక్కోటి 10, 15 అడుగుల పొడవుంటుంది. అంత అలకు తగ్గ బూర పెడితే హాల్లో మనం కూర్చోటానికి చోటుండదు!

ఈ చిక్కు విప్పిన పెద్దమనిషి పాల్ క్లిప్ష్. అమెరికాలో అర్కాన్సా రాష్ట్రంలో హోప్ అనే చిన్న ఊళ్ళో 1946లో కంపెనీ పెట్టారు. బిల్ క్లింటన్ పుట్టిన ఊరే అది. ఈయన పెద్ద బూరను చీర మడిచినట్టు మడతలు పెట్టి బీరువాలాంటి పెట్టెలో ఇమిడ్చి, గది మూలన పెట్టించారు. మూలనున్న రెండు గోడలే బూరకు చివరి భాగం అన్నమాట! అంతా బాగానే ఉంది గానీ అంత పెట్టె అందరి ఇళ్ళల్లో పట్టొద్దూ? అందుకని 1957లో చిన్నది చేశారు. సన్నటి ధ్వనులకూ, మాట పలికే మధ్య ధ్వనులకూ చెరో బూర ఉంచి, బొంగురు ధ్వనులకు మాత్రం మామూలు 12 అంగుళాల స్పీకరు పెట్టారు. మూల అక్కర్లేదు, మడతల్లేవు. ఇన్నాళ్ళూ చెప్పిన సిద్ధాంతానికి ఇది అపచారం కాదా అని ఎవరో అన్నారట. ఆ మాటే పేరుగా పెట్టేశారు, 'హెరెసీ' అని. ఆచారానికి ఎదురు చెప్పటం అని అర్థం. వంటింటి డబ్బులతో పాటల పెట్టెలు కొన్న ఇంటికి తగిన పేరే!

మా ఇంటికొచ్చినవి 2006లో మొదలైన మూడో రకం. సుమారు 2 అడుగుల ఎత్తు, ఒక్కోటి 20 కిలోల బరువు. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 99 డెసిబెల్ అని దాని లెక్క. మామూలు పెట్టెలు చాలావరకు 85 నుంచి 90 లోపు. ఈ డెసిబెల్ లెక్కలో 10 పెరిగితే పది రెట్ల శక్తి. అంటే మామూలు పెట్టెకు 10 వాట్లు కావలసిన చోట దీనికి ఒక్కటి చాలు. మనం ఇంట్లో వినే సౌండుకు ఆ ఒక్కటీ పూర్తిగా ఖర్చవదు. (కరెంటు బిల్లు తగ్గుతుందనుకునేరు! యాంప్లిఫయరు తన కోసం తినేది తింటూనే ఉంటుంది.) అసలు లాభం ఏమిటంటే, చిన్న యాంప్లిఫయరు సరిపోతుంది. పొర ఎక్కువ కదలక్కర్లేదు కాబట్టి సౌండు తక్కువున్నా మాట నలగదు. పైగా బూర ధ్వనిని నాలుగు గోడలకూ చల్లకుండా ఎదురుగా ఉన్న మనిషి వైపు పంపుతుంది. మన హాళ్ళన్నీ టైల్సు, ఉత్త గోడలు. చల్లిన ధ్వని తగిలి తగిలి వెనక్కొచ్చి మాట మీద మాట పడి చెదిరిపోతుంది. వినికిడి తగ్గిన వాళ్ళకు పెద్ద ఇబ్బంది అక్కడే.

ఓ ఆదివారం తెల్లవారుజామున మావారు సుబ్బులక్ష్మిగారి పాట పెట్టారు. అబ్బాయి పక్క గదిలో నిద్రపోతున్నాడు, లేవలేదు. అంత తక్కువ సౌండు. నేను డికాక్షన్ తీస్తూ తొంగి చూశాను. అత్తయ్యగారి గది తలుపు తెరుచుకుంది. గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత వచ్చి, పెట్టెలకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. ఎన్ని నెలలయిందో ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని! పాట అయ్యాక నా వైపు తిరిగి, "సాహిత్యం తెలుస్తోందే" అన్నారు. ఇంకో నిమిషం ఆగి, "కాఫీ ఇక్కడికే తెచ్చెయ్" అన్నారు.

గట్టు మీద గ్లాసు పెట్టి కళ్ళు తుడుచుకున్నాను. అరిగిన గట్టే అనుకోండి!

అలాగని స్పీకరు మందు కాదు. పోయిన వినికిడిని అది తెచ్చివ్వదు. మేం నలుగురం ఒకేసారి మాట్లాడితే ఆవిడ ఇప్పటికీ "ఏమిటీ?" అంటారు. కానీ నెల తిరిగేసరికి తనంతట తానే, "పాట ఇంత బాగా వింటుంటే మీ మాటలెందుకు పోగొట్టుకోవాలి, ఆ మిషనేదో చూపించండి" అన్నారు. అది పెట్టించాం. టీవీని కూడా ఈ పెట్టెలకే కలిపాం. ఆవిడ కుర్చీ సరిగ్గా ఎక్కడ వెయ్యాలో కొలిచి చాక్‌పీసుతో గీత గీసింది ఎవరనుకున్నారు? మా అబ్బాయే.

మీ ఇంట్లోనూ ఇలాంటివి కొనే ఆలోచన ఉంటే, నేను తెలుసుకున్న నాలుగు మాటలు:

1. ముందు చెవుల పరీక్ష, తర్వాతే స్పీకరు. ఒక్కోసారి గుబిలి తీయిస్తేనే సగం బాధ పోతుంది.

2. ఇల్లదిరే దడదడ కావాలంటే చిన్న బూర పెట్టెలు మీకు నచ్చవు. మాట, గొంతు, వీణ, వయొలిన్ వినేవాళ్ళకు బాగుంటాయి. కొనేముందు మీకు తెలిసిన పాటే పెట్టించుకుని, తక్కువ సౌండులో వినండి.

3. ఈ పెట్టెలు యాంప్లిఫయరులోని చిన్న గురగురను కూడా పట్టిస్తాయి. పాట లేనప్పుడు దగ్గరగా చెవి పెట్టి చూడండి. బుస్సుమంటుంటే లోపం యాంప్లిఫయరుదో, వైర్లదో అయ్యుండొచ్చు.

4. వైర్లు కలిపేటప్పుడు స్విచ్ కట్టెయ్యండి. రెండు పెట్టెలకూ ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్ళాలి. ఒకటి తిరగబడితే బొంగురు ధ్వనులు మాయమవుతాయి.

5. నాబ్ కొంచెం తిప్పితేనే మోత పెరిగిపోతుంది, పిల్లల చేతికివ్వకండి. 85 డెసిబెల్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని పనిచేసే చోట్ల ఓ లెక్క ఉంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కూ ఆ సమయం సగమవుతుంది.

6. పైన పూల కుండీ, దీపం, మంచినీళ్ళ చెంబు పెట్టొద్దు. చెక్కను పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ముందున్న బట్ట తీసి లోపలి పొరను వేలితో నొక్కకండి.

ఇక నా కోపం సంగతి. స్పీకర్లు మంచివే, ఫలితమూ మంచిదే. అయినా చెప్పకుండా నా చీటీ డబ్బు తీయటం మాత్రం తప్పే. ఈ మాట మావారి మొహం మీదే అన్నాను. "ముందడిగితే ఇచ్చేదానివా?" అన్నారు. ఇచ్చేదాన్ని కాదేమో, నిజమే! అయినా అడగాల్సిందే. ఇంట్లో ఎవరి ఆశ ముందు, ఎవరిది వెనక అన్నది ఒక్కరే తేల్చేసుకునే విషయం కాదు కదా. ఈసారి నా పేరున కొత్త చీటీ వేశారు. నెల నెలా కట్టేది ఆయనే, పాడేది మాత్రం నేనే. మేస్త్రీ కొలతల కాగితం పోపుల డబ్బాలో భద్రంగా దాచాను.

అంతవరకూ కడప బండే గతి. నిన్న పొద్దున దాని మీద చపాతీలు ఒత్తుతుంటే హాల్లోంచి అత్తయ్యగారు కేకేశారు. "ఏమే, ఆ పాడేవాడెవడో చరణంలో ఓ మాట మింగేశాడు, విన్నావా?"

నేను వినలేదు. ఆవిడ విన్నారు!