చివరిదాకా వినే చదువు



జిల్‌హిజ్జా నెల ముగిసింది. ముహర్రం నెలవంకతో కొత్త హిజ్రీ సంవత్సరం ప్రవేశించింది. మా నెల్లూరు తీరంలో రొయ్యల సాగుదారులు పట్టుబడి పూర్తయ్యాక మేతకు ఎంత, డీజిలుకు ఎంత అని లెక్క చూసుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధ కాలంలో మత్స్యకారులు వలలు బాగు చేసుకుంటూ ఏడాది రాబడి లెక్కించుకుంటారు. పాఠం చెప్పేవారికి కూడా అటువంటి లెక్క ఒకటి ఉండాలి: ఈ సంవత్సరం ఏమి చదివాము?

ఆ లెక్కలో రెండు పద్దులు ఉంటాయి. తరగతి కోసం, ఖుత్బా కోసం, ఎవరో అడిగిన మస్అలాకు సమాధానం కోసం చదివినవి మొదటి పద్దు. అది వృత్తిధర్మం. ఎవరూ అడగకపోయినా, ప్రసంగంలో వాడుకోవాలనే ఉద్దేశం లేకపోయినా, కేవలం మనసు కోరినందువల్ల చదివినవి రెండవ పద్దు. ఈ నెల శీర్షికలో ఆ రెండవ పద్దునే పాఠకుల ముందు ఉంచదలచాము. దానికి కారణమైన ఒక ప్రశ్నను కూడా చెప్పవలసి ఉంది.

గడచిన సంవత్సరం మధ్యలో ఒక జుమా నమాజు తరువాత, రొయ్యల గుంటల మీద పనిచేసే ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. ఆయన కుమార్తె ఇంటర్మీడియట్ చదువుతోంది. రాత్రిపూట కాలేజీ పుస్తకం మూసిన తరువాత కథల పుస్తకం తెరుస్తుందట. “హజ్రత్, అది దీన్‌కూ పనికిరాదు, పరీక్షకూ పనికిరాదు. అందుకే తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. నేను చేసింది సరైనదేనా?” అని అడిగారు. ఆ పుస్తకంలో ఏమున్నదని మేము అడిగితే, తెరిచి చూడలేదన్నారు. “ముందు తాళం తీయండి. మీరు చదవండి. ఆ తరువాత మాట్లాడుకుందాం” అని పంపాము.

ఆ తండ్రి ఆందోళనను తేలికగా తీసుకోరాదు. దైవమార్గం నుంచి మనిషిని మళ్ళించే కాలక్షేపపు మాటలను దివ్య ఖుర్‌ఆన్ సూరా లుఖ్మాన్‌లో ఖండించింది. అయితే అదే ఖుర్‌ఆన్ ప్రవక్తల గాథల ద్వారా మనకు బోధించింది. సూరా యూసుఫ్‌లో ఆ వృత్తాంతాన్ని ఉత్తమమైన గాథగా పేర్కొన్నది. కాబట్టి కథ కావడమే దోషమని ఎవరూ అనలేరు. అది మనిషిని ఎటు తీసుకుపోతున్నదనేదే ప్రశ్న.

ఇక్కడ ఉమ్ము జర్ఆ హదీసును గుర్తు చేసుకోవాలి. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న సుదీర్ఘమైన హదీసు ఇది. పూర్వం పదకొండు మంది స్త్రీలు ఒకచోట కూర్చుని, తమ భర్తల సంగతులు ఏమీ దాచకుండా చెప్పుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. ఒకామె భర్త పిసినారి, ఒకామె భర్త కోపిష్ఠి, మరొకామె భర్త సౌమ్యుడు. చివరి స్త్రీ ఉమ్ము జర్ఆ తన భర్త ఔదార్యాన్ని, అత్తింటివారిని, పిల్లలను, చివరకు ఆ ఇంటి పనిపిల్లను కూడా వర్ణిస్తుంది. ఈ కథనంతా హజ్రత్ ఆయిషా (రజి) చెప్పగా దైవప్రవక్త (స) విన్నారు. సైన్యాలు, దౌత్యాలు, వహీ భారం, మదీనా ప్రజల వ్యవహారాలు అన్నీ ఆయన భుజాల మీద ఉన్నాయి. అయినా పదవ స్త్రీ దగ్గర ఆపి, ఇందులో నీతి ఏమిటని అడగలేదు. చివరిదాకా విన్నారు. విన్న తరువాత, నీకు నేను ఉమ్ము జర్ఆకు అబూ జర్ఆ వంటివాడనని ప్రేమగా చెప్పారు.

ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ హదీసును ఎక్కడ ఉంచారో కూడా గమనించదగినది. వివాహ ప్రకరణంలో, ఇంటివారితో మంచిగా మెలగడం అనే అధ్యాయంలో దానికి చోటిచ్చారు. ఇంట్లో ఒకరు కథ చెబుతుంటే మరొకరు తీరికగా వినడం సంసార మర్యాదలో భాగమని ఆ మహనీయుడు గ్రహించారు.

మదరసా చదువులో నవ్వుకు చోటు లేదని బయటివారు అనుకోవచ్చు. దర్సె నిజామీ పాఠ్యక్రమంలో తరతరాలుగా చదువుతూ వచ్చిన హరీరీ ‘మఖామాత్’ను చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. బస్రాకు చెందిన హరీరీ రచించిన ఈ 50 మఖామాల నాయకుడు అబూ జైద్ అనే మాటకారి మోసగాడు. మొదటి మఖామాలోనే జనం కన్నీరు పెట్టేటట్లు ఉపదేశం చేసి, డబ్బు పోగుచేసుకుని, ఒక గుహలోకి వెళ్ళి మాంసం, మధువు ముందేసుకుని కూర్చుంటాడు. ఉపదేశం చేసే ప్రతివాడూ ఏడాదికొకసారి ఆ పుటలు చదువుకోవడం మంచిదని మా అభిప్రాయం. అరబీ భాషా సంపదను నేర్పడానికి మన పెద్దలు ఎంచుకున్న పుస్తకం విద్యార్థిని నవ్విస్తూ నేర్పేది కావడం యాదృచ్ఛికం కాదు. బాగ్దాదు నగరపు గొప్ప ఉపదేశకుడు ఇబ్నుల్ జౌజీ (రహ్మ) మూర్ఖుల గురించి, అమాయకుల గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే సంకలనం చేశారు. దాని ప్రయోజనాలలో మనసుకు విశ్రాంతి లభించడాన్ని కూడా ఒకటిగా లెక్కించారు.

ఇక మా రెండవ పద్దు చెబుతాము. ఈ సంవత్సరం మాకు అన్నిటికంటే ఎక్కువ ఆనందం కలిగించినది ఒకే కథను రెండు భాషలలో పక్కపక్కన పెట్టుకుని చదవడం. పరవస్తు చిన్నయసూరి మద్రాసులో 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’ ఒకవైపు, 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబీలోకి తెచ్చిన ‘కలీలా వ దిమ్నా’ మరొకవైపు. మన పంచతంత్రం పహ్లవీ భాషలోకి వెళ్ళి, అక్కడి నుంచి అరబీలో ప్రవేశించింది. తెలుగు బడిలో పిల్లలు నేర్చిన కరటక దమనకులే అరబీలో కలీలా, దిమ్నా అయ్యారు. తెలుగు పండితుడూ అరబీ పండితుడూ ఒకే రెండు నక్కలను శతాబ్దాలుగా పిల్లలకు పరిచయం చేస్తూ వచ్చారన్నమాట.

మిత్రభేదం కథ పాఠకులకు తెలిసినదే. సింహానికీ, ఎద్దుకూ స్నేహం కుదురుతుంది. దమనకుడు ఇద్దరికీ చాడీలు చెప్పి ఆ స్నేహాన్ని చెరుపుతాడు. సింహం తన మిత్రుడిని తానే చంపుకుంటుంది. పంచతంత్రంలో దమనకుడికి శిక్ష పడదు, మంత్రి పదవిలో హాయిగా ఉంటాడు. ఇషా నమాజు తరువాత హాస్టలు పిల్లలకు ఈ కథ వినిపిస్తే, తీరగ్రామం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు, “ఆ నక్కను ఎవరూ ఏమీ అనలేదా హజ్రత్?” అని అడిగాడు. మరునాడు అరబీ గ్రంథంలోని తరువాతి అధ్యాయం వినిపించాము. ఇది భారతీయ మూలంలో లేదు. ఇబ్నుల్ ముఖఫ్ఫా స్వయంగా చేర్చినదని పండితులు భావిస్తారు. అందులో దిమ్నా మీద విచారణ జరుగుతుంది. దిమ్నా తన వాక్చాతుర్యంతో ఎంత తప్పించుకోజూసినా, చివరకు ఇద్దరి సాక్ష్యం కుదరడంతో శిక్ష పడుతుంది.

పిల్లలు తృప్తిపడ్డారని మేము అనుకున్నాము. వెనుక వరుసలోని చిన్నవాడొకడు మాత్రం, “శిక్ష పడితే ఏం లాభం, ఎద్దు మళ్ళీ రాదు కదా” అన్నాడు. చాడీల పాపం గురించి ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నాము. ఆ పాపంలో అన్నిటికంటే భయంకరమైన అంశాన్ని ఆ పసివాడు ఒక్క వాక్యంలో చెప్పేశాడు. అది మేము నేర్పినది కాదు. కథను రెండు రాత్రులు చివరిదాకా విన్నందువల్ల వాడికి తోచినది.

ఈశాన్య రుతుపవనాల రోజులలో వాయుగుండం పట్టినప్పుడు మా తీరంలో కరెంటు ఉండదు, బయట తిరగడానికి వీలుండదు. ఆ రోజులలో ఇబ్ను బతూతా యాత్రా గ్రంథాన్ని ఉర్దూ అనువాదంలో చదివాము. 1325లో, 21 ఏళ్ళ వయసులో టాంజీర్ నుంచి హజ్జ్‌కు బయలుదేరిన యువకుడు దాదాపు మూడు దశాబ్దాల పాటు లోకం చుట్టాడు. 1355లో ఆ అనుభవాల గ్రంథం పూర్తయింది. సింహళం నుంచి మాబర్ తీరానికి వస్తూ ఆయన తుపానులో చిక్కుకున్నారు. మాబర్ అంటే మాకు దక్షిణాన ఉన్న నేటి తమిళ తీరమే, మాదీ వారిదీ ఒకే సముద్రం. ఆ పుటలు చదువుతున్నప్పుడు కిటికీ బయటి గాలి హోరు, పుస్తకంలోని హోరు ఒకటే అయ్యాయి. కొబ్బరికాయను, తమలపాకును ఆయన వింతగా వర్ణిస్తుంటే మన పెరటి చెట్టును మొదటిసారి చూస్తున్నట్లు అనిపించింది. రోజూ చూసి చూసి మనం చూడడం మానేసిన నిఅమతులను పరాయివాని కళ్ళతో మళ్ళీ చూపించడం పుస్తకం చేసే మేలు. అది షుక్ర్‌కు దగ్గర దారి.

ఆ తండ్రి బీరువాలో పెట్టిన పుస్తకం సంగతి ఇప్పుడు చెప్పాలి. మూడు వారాల తరువాత ఆయన దానిని చేత పట్టుకుని వచ్చారు. అది మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన ‘దర్గామిట్ట కతలు’. దర్గామిట్ట నెల్లూరు పట్టణంలోని ఒక పేట. రచయిత మా జిల్లాలోని కావలిలో పుట్టినవారు. ఒక ముస్లిం ఇంటి పిల్లవాడు నెల్లూరు యాసలో తన ఇంటి సంగతులు, వీధి సంగతులు చెప్పుకుపోయే కథలు అవి. “నేను రెండే చదివాను హజ్రత్. రెండోదానికి నవ్వు ఆగలేదు. మా అమ్మ మాట్లాడినట్లే ఉంది” అన్నారాయన. వాళ్ళమ్మకు ఉర్దూ తప్ప మరో అక్షరం రాదు. మనవరాలికి ఉర్దూ అక్షరం రాదు. ఇప్పుడు మనవరాలు తెలుగు పుస్తకం చదివి వినిపిస్తోందట, నానమ్మ వింటూ దఖనీలో తన చిన్ననాటి ముచ్చట్లు కలుపుతోందట.

ఆ మాట వినగానే మేము ఆ పుస్తకాన్ని అడిగి తెచ్చుకున్నాము. చదివి నవ్వాము, కొన్నిచోట్ల ఆగిపోయాము. పేదరికంలో పరువు కాపాడుకునే ఇంటి తల్లుల కష్టం మేము మింబర్ మీద నుంచి ఎంతోసార్లు ప్రస్తావించే విషయం. కథలో అది ప్రస్తావనగా రాదు, మనిషిగా వస్తుంది.

మా తీరప్రాంత ముస్లిం ఇళ్ళలో ఇప్పుడు ఒక మౌనం ఏర్పడుతోంది. పెద్దల పుస్తకాలు ఉర్దూలో ఉన్నాయి, పిల్లల చదువు తెలుగులోనో ఇంగ్లీషులోనో సాగుతోంది. తాత అల్మారా మనవడికి మూసిన తలుపు. మనవడి సంచి తాతకు మూసిన తలుపు. మధ్యలో ఫోను అందరికీ తెరిచి ఉంది. ఈ పరిస్థితిలో తెలుగులో రాసే ముస్లిం రచయితలు చేస్తున్నది ఎంత పెద్ద సేవయో మనం గుర్తించాలి. మా జిల్లాలోని పురిణి గ్రామంలో జన్మించిన సయ్యద్ నశీర్ అహమ్మద్ స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపై తెలుగులో అనేక గ్రంథాలు రాశారు. తెలుగులో రచనలు చేసిన ముస్లిం కవుల, రచయితల వివరాలను ‘అక్షరశిల్పులు’ పేరుతో సంకలనం చేశారు. దానిని మేము నవల చదివినట్లు చదివాము. ఏ పుట తెరిచినా ఒక ఊరు, ఒక మనిషి, ఒక కలం. తెలుగు మన ఇంటి భాష కాదనుకునే పిల్లవాడి చేతిలో పెట్టవలసిన పుస్తకం అది.

ఈ రెండవ పద్దు మొత్తం చూసుకుంటే మాకు ఒక విషయం స్పష్టమయింది. పనికోసం చదివేవాడు పుస్తకంలో తనకు కావలసినది వెతుకుతాడు, దొరకగానే మూసేస్తాడు. ఆనందం కోసం చదివేవాడు మాత్రం ఎదుటివాడు చెప్పేది పూర్తిగా వింటాడు. పుస్తకం దగ్గర అలవడిన ఆ ఓర్పు మనుషుల దగ్గర కూడా పనికివస్తుంది. ఇంట్లో భార్య మాట సగంలో తుంచే భర్త, కూతురి పుస్తకం తెరవకుండానే తాళం వేసే తండ్రి, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పే బోధకుడు, వీరందరికీ ఉమ్ము జర్ఆ హదీసులో పాఠం ఉంది.

అలాగని ప్రతి పుస్తకమూ మంచిదని కాదు. నమాజు వేళను మింగేసేది, పాపాన్ని అందంగా అలంకరించేది, ఒక వర్గం మనుషులను హీనంగా చూడడం నేర్పేది మూసివేయదగినదే. కానీ ఆ తీర్పు పుస్తకం చదివినవారు చెప్పాలి.

ఒక చిన్న సూచనతో ముగిస్తాము. ఇషా తరువాత వృథా ముచ్చట్లు దైవప్రవక్త (స)కు ఇష్టముండేవి కావు. అయితే ఇంటివారితో, అతిథులతో రాత్రివేళ సంభాషణకు ఇమామ్ బుఖారీ (రహ్మ) ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు. ఆ వెసులుబాటును వాడుకుందాం. వారంలో రెండు రాత్రులు, పావుగంట చొప్పున, ఫోన్లు ఒక పళ్ళెంలో పెట్టి, ఇంట్లో చదువు వచ్చినవారు ఒకరు బిగ్గరగా చదవాలి. చదవడం రాని పెద్దలను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. పుస్తకాలు కొనే స్తోమత లేనివారికి ఊరి శాఖా గ్రంథాలయం ఉంది. చదివిన తరువాత నీతి ఏమిటని పిల్లలను ప్రశ్నించవద్దు. వారికి తోచినది వారే చెబుతారు, అది మనకు తోచినదాని కంటే మెరుగ్గా ఉండవచ్చు.

చదువమనే ఆజ్ఞతో తన వహీని ప్రారంభించిన అల్లాహ్ మన ఇళ్ళలో చదివే నోళ్ళను, వినే చెవులను వర్ధిల్లజేయుగాక. ఆమీన్.